కొలత చెప్పని వంట

మా ఇంట్లో వంట నాది. ఈ మాట ఎక్కడ చెప్పినా ఎదుటివాళ్ళ మొహంలో ఒక నవ్వు మొదలవుతుంది. నవ్వితే నవ్వనీ. తెనాలిలో మోటార్ల రివైండింగ్ షాపు నడుపుకునే మనిషి ఇంట్లో గరిటె పట్టుకుంటే ఎవరి సొమ్మేం పోయిందో నాకిప్పటికీ అర్థం కాలేదు. మా ఆవిడకి బాపట్లలో కాలేజీ ఉద్యోగం. పొద్దున్నే రైలెక్కాలి. నా షాపు ఇంటి కిందే. అందుకని క్యారేజీ కట్టేది నేను.

నేను పుట్టింది రేపల్లెలో. మా నాన్న నిజాంపట్నం రేవు నుంచి వేటకెళ్ళేవాడు. డిగ్రీ తప్పాక నేనూ కొన్నాళ్ళు ఆయన వెంట బోటెక్కాను. బోటు మీద వంటంతా మగవాళ్ళదే, అక్కడ ఎవరూ నవ్వరు. వలలో పడినదాన్ని బట్టి కూర, డ్రమ్ములో మిగిలిన నీళ్ళని బట్టి పులుసు. చేప ముక్కలు వేశాక గరిటె పెట్టకూడదు, గిన్నె అంచులు పట్టుకుని తిప్పాలి. నియమం అంటూ ఉన్నది అదొక్కటే. ఉప్పెంత అని అడిగితే నాన్న, "చూసి వెయ్యరా" అనేవాడు. నా వంట చదువు అక్కడితో పూర్తయింది.

మా అత్తయ్యగారి తీరు వేరు. వాళ్ళది చీరాల వైపు మగ్గాల ఇల్లు. బాపట్ల వచ్చి ఎన్నాళ్ళయినా ఆవిడకి ఆ పోగుల లెక్క పోలేదు. పోగు తప్పితే చీర పాడవుతుంది, చెంచా తప్పితే కూర పాడవుతుంది. పప్పు గిద్దతో కొలుస్తారు, నీళ్ళు గ్లాసుతో కొలుస్తారు. బాగా వండుతారు, కాదనను. మాది ప్రేమ పెళ్ళి. ఆవిడకి నా కులం ఎలాగో మింగుడు పడింది గానీ నా గరిటె మాత్రం పడలేదు.

మూడో నెలలో మా ఆవిడకి వేవిళ్ళు పట్టుకున్నాయి. పక్కింట్లో తిరగమోత వేసినా బాత్రూంలోకి పరుగే. నేను చేసిందేదీ కడుపులో నిలవలేదు. మనిషి సగమైంది. సంగతి తెలిసి అత్తయ్యగారు ఖాళీ సూట్‌కేసుతో దిగారు. కూతురి చీరలు సర్దుకెళ్ళడానికి.

"మగవాళ్ళు, మీకేం తెలుస్తుందండి ఇవన్నీ? కాన్పయ్యేదాకా మా ఇంట్లో ఉంటుంది. ఎటూ ఉద్యోగం అక్కడే కదా" అన్నారు.

అందులో తప్పు పట్టడానికేం లేదు. కానీ మా ఆవిడకి వెళ్ళాలని లేదు. వెళ్ళిందంటే, మొగుడు ఓ ముద్ద పెట్టుకోలేకపోయాడన్న మాట మా ఇద్దరి నెత్తినా జన్మంతా ఉంటుంది. నాకు భయమేసింది. దానికి రెట్టింపు కోపం వచ్చింది.

"రేపు సాయంత్రం బండికి వెళ్దురుగానండి. అప్పటిదాకా వంట నేనే చేస్తాను" అన్నాను.

బోటు మీద కొత్తవాళ్ళకి కడుపులో తిప్పుతుంది. నాన్న వాళ్ళకి వేడన్నం పెట్టేవాడు కాదు. చల్లారిన గంజిలో ఉప్పు వేసి, పుల్లటిదేదో కలిపి తాగించేవాడు. అది గుర్తొచ్చింది. గంజి కాచి చల్లార్చాను. ఒక్కో వస్తువూ మా ఆవిడ ముక్కు దగ్గర పెట్టాను. కొత్తిమీరకి మొహం తిప్పుకుంది. అల్లానికి పరవాలేదంది. కాల్చిన మామిడికాయ గుజ్జు వాసన చూసి, "ఇది" అంది. కలిపిచ్చాను. గ్లాసుడు తాగింది. నిలిచింది.

అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి రెప్ప వెయ్యకుండా చూశారు.

"ఏది ఎంతేశారు బాబూ?"

"చూసి వేశానండి."

"ఏం చూసి?"

"మీ అమ్మాయి మొహం చూసి."

ఆవిడకి ఒళ్ళు మండింది. మండితే మండింది, నేను చెప్పింది నిజం.

మర్నాడు నేను లేచేసరికే ఆవిడ స్టవ్వు ముందున్నారు. నా చెయ్యి ఎంత కదిలిందో కంటితోనే కొలిచి పెట్టుకున్నారు కాబోలు, అచ్చం అదే గంజి చేశారు. రుచి చూశాను. నా దానికన్నా బాగుంది. నా పని అయిపోయిందనుకున్నాను. మా ఆవిడ గ్లాసు మూతి దాకా తీసుకెళ్ళి, అక్కడే పెట్టేసి పరిగెత్తింది. నిన్న కావాలన్న మామిడికాయ వాసనే ఇవాళ పడలేదు.

"లెక్క తప్పలేదే" అన్నారు అత్తయ్యగారు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గెలిచానని సంబరపడాల్సింది, పడలేకపోయాను. ఆవిడ లెక్క నిజంగానే తప్పలేదు. తాగాల్సిన మనిషికి ఇవాళ వేరేది కావాలి, అంతే.

మళ్ళీ మొదలుపెట్టాను. మజ్జిగ వద్దంది. నిమ్మకాయ వద్దంది. మధ్యాహ్నం వీధిలోకి ముంజల బండి వచ్చింది. ముంజలకి వాసనేం ఉంటుంది? తొక్క తీసి, ముక్కలు కోసి, చల్లన్నంలో వేసి, ఉప్పూ మిరియాల పొడీ చల్లాను.

"అన్నంలో ముంజలేంటండీ!" అని అత్తయ్యగారు చెయ్యి అడ్డం పెట్టబోయారు.

ఇలాంటిది ఎవరూ వండరని నాకూ తెలుసు. అయినా పెట్టాను. మా ఆవిడ ఒక ముద్ద తింది. కాసేపు ఆగింది. మేమిద్దరం బాత్రూం వైపే చూస్తున్నాం. ఇంకో ముద్ద తింది. కంచం నా వైపు జరిపి, "ఇంకొంచెం పెట్టు" అంది.

సాయంత్రం స్టేషన్‌కి నేనే దిగబెట్టాను. సూట్‌కేసు వచ్చినప్పుడెంత తేలిగ్గా ఉందో అంతే తేలిగ్గా ఉంది. బండెక్కి, కిటికీ దగ్గర కూర్చుని అత్తయ్యగారు అడిగారు.

"రేపేం పెడతారు?"

"ఇంకా తెలీదండి."

బండి కదిలింది. ఆవిడ కిటికీ చువ్వ పట్టుకుని, "చూసి పెట్టండి" అన్నారు.