చదవని పేజీల కింద వసుంధర పేరు

నిన్న పొద్దున చేవెళ్ల కాలేజీలో క్లాసులో ఉన్నాను. మొయినాబాద్ దగ్గర మా ఊరు హిమాయత్‌నగర్ నుంచి పక్కింటి లక్ష్మమ్మగారు ఫోన్ చేశారు.

"సారూ, మేడం పడిపోయింది. మొయినాబాద్ దవాఖానకు తీస్కపోతున్నం. జర జల్ది రా."

నేను చేరేసరికే అయిపోయింది. గుండె ఆగిపోయిందన్నారు డాక్టర్.

నా భార్య వసుంధర లేదు.

ఈ వాక్యం రాసి చూసుకున్నాను. ఇంకా అర్థం కావడం లేదు.

దవాఖాన బెంచీ మీద కూర్చుని ఉండగా, లక్ష్మమ్మగారు తెచ్చిచ్చిన ఆమె ఫోన్ నా జేబులో మోగింది. ఆమె ఆఫీసు నుంచి ఆటోమేటిక్ మెయిల్. ఏదో పేజీ అప్‌డేట్ అయిందట. కింద 'చదివి సరిచూసినవారు: వసుంధర' అని ఉంది.

అప్పటికే ఆమె పోయింది.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పూలు, కూరగాయలు నిల్వ ఉంచే కోల్డ్ రూములకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే చిన్న కంపెనీలో ఆమె ఉద్యోగం. ఆ సాఫ్ట్‌వేర్ ఎలా పనిచేస్తుందో, ఎలా వాడాలో చెప్పే డాక్యుమెంటేషన్ రాసేది.

ప్రోగ్రామర్లు కోడ్ మార్చేవారు. ఈమెకు చెప్పేవారు కాదు. విసిగిపోయి, కోడ్ మారగానే దాన్ని చదివి పేజీని తిరగరాసే టూల్ కావాలని పట్టుబట్టి పెట్టించింది తనే. ఆమెకు ఆటోమేషన్ అంటే పడదని కొందరు అన్నారు. అది నిజం కాదు.

ఒక్క నియమం పెట్టింది. టూల్ రాసిన పేజీని ఒక మనిషి చదవాలి. అందులో చెప్పినట్టు చేసి చూడాలి. అప్పుడు కింద పేరు పెట్టాలి. పేరు లేని పేజీ బయటికి పోకూడదు.

సాయంత్రాలు టీ తాగుతూ ఆ పేజీలు నాకు చదివి వినిపించేది. "'డిలీట్ బటన్ డిలీట్ చేస్తుంది' అట. నేను గిట్ల రాస్తే జీతం ఇస్తరా?" అని నవ్వేది.

తర్వాత పేజీలు ఆమె దగ్గర ఆగిపోతున్నాయన్నారు. ఆమెను వేరే పనిలో వేశారు. పేరు లేనిదే పేజీ పోదన్న నియమాన్ని మాత్రం తీయలేదు. ఆ పేరును కూడా టూలే నింపేలా చేశారు. చివరిసారి ఎవరు చదివితే వాళ్ల పేరు.

అంటే అన్నింటి కిందా ఆమె పేరే.

ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. సురంగల్‌లో తెలిసింది.

అక్కడ గులాబీల కోల్డ్ రూము చూసుకునే యాదయ్యకు ఆ సాఫ్ట్‌వేర్ నేర్పింది ఆమే. ఒకరోజు గది వేడెక్కి అలారం మోగితే అతను ఫోన్‌లో పేజీ తెరిచాడు. 'ఈ బటన్ నొక్కితే అలారం ఆగుతుంది' అని ఉంది. నొక్కాడు. ఆగింది.

ఇదివరకు గది చల్లబడకపోతే అలారం కాసేపటికి మళ్లీ మోగేది. కొత్త కోడ్‌లో అది తీసేశారు. పేజీలో ఉన్న ముక్క నిజమే. కానీ ఇక మళ్లీ మోగదని, గది చల్లబడిందో లేదో మీరే చూసుకోవాలని అందులో లేదు. వసుంధర చదివి ఉంటే ఆ మాట చేర్చేది.

మోగలేదు కాబట్టి అంతా బాగున్నట్టే అనుకున్నాడు యాదయ్య. పూలన్నీ పోయాయి.

కబురు తెలియగానే ఇద్దరం స్కూటర్ మీద వెళ్లాం. అతను కేకలేయలేదు.

"అక్కా, కింద నీ పేరు చూసే నమ్మిన" అన్నాడు.

తిరిగి వచ్చి ఇంటి ముందు దిగాక అంది. "నేను చదవలేదని ఆయనకు ఎట్ల చెప్పాలె? పేరైతే నాదే ఉన్నది."

అప్పటినుంచి పేరు తీయమని అడుగుతూనే ఉంది. పేజీ మారినప్పుడల్లా తన ఫోన్‌కు మెయిల్ వచ్చేలా చేసుకుంది. ఆఫీసుకు మెయిళ్లు పెట్టింది. మీటింగుల్లో అడిగింది. ఆఫీసు సిస్టంలో ఫిర్యాదు రాసి టికెట్ వేసింది. పేరే కద మేడం, ఎందుకంత ఫికర్ అన్నాడట మేనేజర్.

నిన్న సాయంత్రం అంత్యక్రియలకు ఆఫీసువాళ్లు వచ్చారు. ఆమె గురించి మంచిగా మాట్లాడారు. పేరు సంగతి ఒకరిని అడిగాను. అడగాల్సిన సమయం కాదేమో. అడిగాను.

"అన్నా, తీసేస్తే పేజీలన్నీ ఆగిపోతయి. టికెట్ ఉన్నది, చూస్తం."

ఆ టికెట్ వేసింది ఆమే.

ఈ పొద్దున ఇంకో మెయిల్ వచ్చింది. ఇంకో పేజీ. ఆమె పేరు.

ఆమె మన డాక్యుమెంటేషన్‌లో బతికే ఉంటుందని ఆఫీసు గ్రూప్‌లో ఎవరో రాశారు. దయచేసి అలా రాయకండి. ఆమె బతికి ఉండగానే వద్దని చెప్పింది.

పూలదండలు చాలు. పేజీలు ఆగితే ఆగనివ్వండి. మీలో ఎవరైనా కూర్చుని చదవండి. చేసి చూడండి. మీ పేరు పెట్టండి.

వసూ, ఇక నువ్వు ఎవరినీ అడగక్కర్లేదు. ఆ పని నేను చేస్తాను.

నిమ్మళంగా పో.