పెంటవ్వా అని పిలిస్తే

1943 వానాకాలంలో నన్ను బాన్సువాడ తాలూకాకు పంపారు. అప్పుడు నేను హైదరాబాదు సంస్థానంలో, ఆరోగ్య శాఖలో జనన మరణాల లెక్కలు చూసే చిన్న ఉద్యోగిని. ఉర్దూలో పలికితే మా హోదా చాలా గొప్పగా వినిపించేది. చేసే పని మాత్రం కూడికలు, భాగహారాలు.

నాకు అప్పగించిన పని ఇది. నిజాంసాగర్ కాలువ కింద, వర్ని పోయే దారిలో ఒక ఊరుంది. అక్కడ నాలుగేళ్ళ కిందట సర్కారు ఒక దాయిని నియమించింది. దాయి అంటే శిక్షణ పొందిన మంత్రసాని. ఆమె వచ్చాక పసిపిల్లల చావులు తగ్గాలి కదా, కాగితాల మీద రేటు పెరిగింది. ఆమె రాకముందు నాలుగేళ్ళనూ వచ్చాక నాలుగేళ్ళనూ పోల్చి నేను నివేదిక ఇవ్వాలి. జిల్లా వైద్యాధికారిని మేమందరం డాక్టర్ సాబ్ అనేవాళ్ళం. ఆయన ముందే ఒక నిశ్చయానికి వచ్చేశారు. నా నివేదిక అందగానే ఆ దాయి కొలువు ఎత్తేస్తారు. ఆ పనికి నా సంతకం ఒక్కటే తక్కువైంది.

రేటు అంటే ఏమిటో చెప్పాలి. ఏడాదిలో ప్రాణంతో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో, ఏడాది నిండకుండా పోయినవాళ్ళు ఎందరు అన్నదే మా రేటు. గీతకు పైన చావులు, కింద పుట్టుకలు. చూడడానికి సులువైన లెక్కే. అందుకే ఎవరైనా సరే దాన్ని ఇట్టే నమ్మేస్తారు.

అక్కడికి వెళ్ళిన వారానికే నాకు చలిజ్వరం పట్టుకుంది. కాలువ నీళ్ళు వచ్చిన ఊళ్ళన్నింటికీ ఆ జ్వరం కూడా వచ్చింది. క్వినైను మింగితే చెవుల్లో హోరు మొదలయ్యేది. ఆ రోజులు తలచుకుంటే నాకు ఆ హోరే ముందు గుర్తొస్తుంది. నాట్లకు దమ్ము చేసిన మడుల్లో ఆకాశం తేలుతుండేది. బండి గట్టు మీద పోతుంటే పైన మబ్బులు, పక్కన మబ్బులు. ఎద్దుల మెడ గంటలు ఎక్కడో దూరాన మోగుతున్నట్టుండేవి. నేను మెలకువగా ఉన్నానో నిద్రలో ఉన్నానో ఒక్కోసారి నాకే తెలిసేది కాదు.

ఊళ్ళో పుట్టుకలూ చావులూ రాయవలసినవాడు పోలీసు పటేలు. నేను ఆయన అరుగు మీద కూర్చుని పాత ఏళ్ళ సంగతి అడుగుతుండగా ఒకావిడ అక్కడికి వచ్చింది. నలభై దాటిన మనిషి, చీర కొంగు తల మీదుగా కప్పుకుని ఉంది. ఆమే దాయి సకీనాబీ. నన్నసలు చూడనే లేదు.

"ఆడపిల్ల పటేలా. పొద్దుగాల పుట్టింది, పొద్దెక్కంగ పోయింది. రెండు రాయి," అంది.

రెండు రాయడమంటే ఒక పుట్టుక, ఒక చావు. పటేలు రాసుకున్నాడు. ఆమె వెళ్ళిపోయాక నేను, ఇదివరకు కూడా ఇలాగే రాసేవారా అని అడిగాను. ఆయన నవ్వాడు.

"తొట్టెలల్ల వడకముందే పోయినోళ్ళను ఏమని రాస్తం సారూ? పేరు లేకపాయె. ఇంట్లోళ్ళే జెప్పకపోదురు. పుట్టలే, సావలే. గంతే."

అక్కడ పురుడు వెళ్ళాక బిడ్డను తొట్టెలలో, అంటే ఉయ్యాలలో, వేసి పేరు పెడతారు. అంతవరకు ఆ బిడ్డ ఊరికి లెక్క కాదు. పసిపిల్లల్లో ఎక్కువమంది పోయేది ఆ మొదటి రోజుల్లోనే. అంటే పాత నాలుగేళ్ళలో వాళ్ళు మా గీతకు పైనా లేరు, కిందా లేరు. సకీనాబీ వచ్చాక ప్రతి ఒక్కరూ లెక్కకెక్కారు. చావులు పెరిగాయో, చెప్పడమే పెరిగిందో ఆ కాగితాలను బట్టి తేల్చడం ఎవరి తరమూ కాదు. ఆ మాటే రాసివ్వమని పటేలును అడిగాను. ఆయన చేతులు జోడించాడు. ఇన్నేళ్ళు సరిగా రాయలేదని తన చేత్తో రాసిస్తే పటేలుగిరీ ఊడుతుందన్నాడు. అదీ నిజమే.

మర్నాడు సకీనాబీని దారిలో కలిశాను. నేనెందుకు వచ్చానో ఆమెకు ముందే తెలుసు. చెప్పకుండా ఊరుకుంటే మీ కొలువుకు ఇంత ముప్పు వచ్చేది కాదు కదా అన్నాను. ఆమెకు కోపం వచ్చింది.

"నిన్నటి పోరిని దాని తల్లి తొమ్మిది నెల్లు మోసింది సాబ్. పుట్టలేదని నేనెట్లంట? కొలువు పోతే పోనీ. గని గీ పోరగాండ్లను నేను సంపిన్నని మాత్రం రాయకుండ్రి."

నాకు ఆమె మీద గౌరవం కలిగింది, నా ఉద్యోగం మీద విసుగు పుట్టింది. గౌరవంతో నివేదిక నిండదు. పాత రోజుల్లో చావులు ఎక్కువ అని చూపించాలంటే ఎక్కడా రాసిపెట్టని పిల్లలను లెక్కపెట్టాలి. తల్లులను అడుగుదామనుకున్నాను. ఒక ఇంటి ముందు వడ్లు దంచుతున్న ఆమెను, మీకు ఎందరు పిల్లలు పోయారమ్మా అని సర్కారు గొంతుతో అడిగేశాను. ఆమె రోకలి అక్కడే వదిలి లోపలికి వెళ్ళిపోయింది. అత్త బయటికొచ్చింది.

"పోయినోళ్ళ ముచ్చట తియ్యకు అయ్యా. ఉన్నోళ్ళను అడుగు, జెప్తం," అంది.

సిగ్గుతో తల వంచుకుని పొలాల వైపు నడిచాను. క్వినైను హోరులో లోకమంతా నీళ్ళ అడుగున ఉన్నట్టుంది. నాట్లు వేసే ఆడవాళ్ళు వరసగా వంగి పాట పాడుతున్నారు. అవతలి గట్టు మీద నుంచి ఎవరో "ఓ పెంటవ్వా!" అని కేకేశారు. పాట ఆగింది. మడిలో నలుగురు ఆడవాళ్ళు ఒకేసారి నడుము ఎత్తి చూశారు. "ఏ పెంటవ్వనే?" అని అందులో ఒకామె అరిచింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

మా ఊరి వైపు కూడా ఆ ఆచారం ఉంది. వరసగా పిల్లలు పోతున్న ఇంట్లో మళ్ళీ బిడ్డ పుడితే, ఆ బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎవరో పారేస్తే దొరికినట్టుగా తెచ్చుకుంటారు. పెంటయ్య అనో పెంటమ్మ అనో పేరు పెడతారు. పనికిరాని బిడ్డ అనుకుని చావు దాని జోలికి రాదని ఆశ. మడిలో నిలబడిన ఆ నలుగురికీ ముందు పుట్టినవాళ్ళెవరో బతకలేదన్నమాట. పోయినవాళ్ళ ముచ్చట తియ్యవద్దన్న ఊరు ఉన్నవాళ్ళ పేర్లలో ఆ ముచ్చటే రోజంతా చెప్పుకుంటోంది.

ఆ తర్వాత నేను చేసిన పని చూసి నాకు మతి పోయిందని కొందరు అనుకుని ఉంటారు. గట్ల వెంట, వాడల వెంట తిరుగుతూ ఉన్నవాళ్ళ పేర్లూ ఈడూ అడిగాను. ఉన్నవాళ్ళ సంగతే కాబట్టి అందరూ సంతోషంగా చెప్పారు. ముసలివాళ్ళలో, నడివయసువాళ్ళలో పెంటయ్యలు, పెంటవ్వలు కొల్లలు. పశువులు కాసే ఈడు పిల్లల్లోనూ చాలామందే. తప్పటడుగుల పిల్లల దగ్గరికి, అంటే దాయి వచ్చాక పుట్టినవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆ పేరు వెతుక్కోవలసి వచ్చింది. ఆచారమే పోతోందేమో అని నాకు అనుమానం. అందుకని కోటగిరి వైపు ఇంకో ఊరికి పోయాను. అదే కాలువ, అదే జ్వరం, దాయి మాత్రం లేదు. అక్కడ ఒక చిన్న తల్లి గడపలో కూర్చుని పాలిస్తోంది. పేరడిగితే "మా పెంటిగాడు" అని బిడ్డ నుదుటి మీద చేయి వేసింది. పక్కింట్లో ఇంకొకడు, ఎదురింట్లో ఒకతి. అక్కడ ఆచారానికి ఇంకా అవసరం ఉంది.

నివేదిక రాశాను. ఈ లెక్కలోని లోపాలు కూడా దాచలేదు. ఒక పెంటయ్య ఉన్నాడంటే అతని ముందు ఒకరు పోయారా, ఐదుగురు పోయారా అన్నది తెలియదు. ఈనాటి పేరు చెప్పేది నిన్నటి చావులను గురించి. ఇది రేటు కాదు, సూచన మాత్రమే. పాత నాలుగేళ్ళ అంకెలూ కొత్త నాలుగేళ్ళ అంకెలూ ఒకే రకం పిల్లలను లెక్కపెట్టలేదు కనుక, వాటిని పక్కపక్కన పెట్టడం తప్పని చివర రాశాను.

నిజామాబాదులో డాక్టర్ సాబ్ నన్ను నిలబెట్టే చదివారు. మొదటి భాగం చదువుతున్నంతసేపూ మొహంలో ఏ మార్పూ లేదు. పేర్ల దగ్గరికి వచ్చి ఆగారు. పెంట అంటే ఏమిటని ఉర్దూలో అడిగారు. చెప్పాను. ఆయనది ఔరంగాబాదు వైపు, ఇంటి భాష మరాఠీ. తమ వైపు ఇలాంటి బిడ్డకు దగడూ అని పేరు పెడతారన్నారు, అంటే రాయి. ఆఫీసులో ఎవరికీ తెలియని తన మొదటి పేరు అదేనన్నారు. ముందు ఎందరు పోయారో తల్లి ఏనాడూ చెప్పలేదట. కాగితం మీద దాయి కొలువు కొనసాగించాలని రాసి సంతకం చేశారు.

లెక్కలవాడిగా నాకు ఇబ్బందిగానే ఉండింది. నా వాదన అంతా చదివి ఒప్పుకోవలసిన మనిషి తన ఒక్కడి పేరు చూసి ఒప్పుకున్నారు. ఒక్క మనిషి రుజువు కాడు. అయినా మెట్లు దిగుతుంటే నాకు పట్టలేని సంతోషం కలిగింది.

తర్వాత పదవీ విరమణ దాకా ఎన్నో రేట్లు పోల్చాను. ఎక్కడైనా పసిపిల్లల చావులు ఉన్నట్టుండి పెరిగాయని కాగితం వస్తే, జబ్బు ఏమిటని అడిగేవాణ్ణి కాదు. ఆ ఊళ్ళో ఈమధ్య లెక్క చెప్పడం మొదలుపెట్టింది ఎవరని అడిగేవాణ్ణి. ఒక్క పూట బతికిన బిడ్డ కూడా పుట్టిందని రాసిన చోట రేటు పెరుగుతుంది. అసలు తగ్గడమంటూ ఉంటే, అది అక్కడినుంచే మొదలవుతుంది.