దర్వాజ మీది మట్టి గూడు

మా అత్తగారింట్లో నన్ను పురుగుల పిచ్చిది అంటారు. నిజమే, కాదనను. బట్టలు ఉతుకుతున్నప్పుడు గండుచీమల బారు కనబడితే సబ్బు అక్కడే వదిలేసి వాటి వెంట గోడ దాకా పోతాను. కూర మాడిన వాసన వస్తే పెరట్లో ఏ తొండనో చూస్తూ కూర్చున్నానని ఇంట్లో వాళ్లకు అర్థమైపోతుంది. హుస్నాబాద్‌లో మా ఇంటి వెనక జాగా ఎంతో లేదు. ఒక నల్లా, దాని కింద ఎన్నడూ ఆరని బురద, ఒక జామచెట్టు. చూసే ఓపిక ఉంటే అది చాలు.

అన్నింటిలోకీ నాకు ఇష్టమైనది కుమ్మరి పురుగు. నల్లటి ఒళ్లు, పసుపు కాళ్లు, దారమంత నడుము. నల్లా కింది బురదను ఉండ చేసి, నోట కరుచుకుని పోయి గోడకు గూడు కడుతుంది. సాలెపురుగులను కుట్టి, చంపకుండా, కదలకుండా మాత్రం చేసి లోపల కుక్కుతుంది. గుడ్డు పెట్టి, మట్టితో మూసేసి పోతుంది. మళ్లీ ఆ వైపు చూడదు. లోపలి పిల్ల ఆ సాలెపురుగులను తిని పెరిగి, రెక్కలొచ్చాక మట్టిని కొరుక్కుని తనే బయటికి వస్తుంది. ఇదంతా ఎవరో చెప్పింది కాదు, ఆ నల్లా దగ్గర కూర్చుని నేను చూసిందే.

మా దిక్కు దీన్ని ఇంకో తీరుగా చూస్తారు. ఇంట్లో కుమ్మరి పురుగు గూడు పెట్టిందంటే ఆ ఇంట్లో ఆడమనిషి ఎవరో నీళ్లోసుకున్నట్టే. దానికి చీపురు తగలనివ్వరు. గూడు రాలితే కడుపు కూడా నిలవదంటారు.

నా పెళ్లయి ఏడేళ్లు. మా ఆయన మస్కట్‌లో పని చేస్తాడు, రెండేళ్లకోసారి నలభై రోజులు ఉండి పోతాడు. పోయిన వానాకాలం ఆయన వచ్చి వెళ్లిన వారానికి, లోపలి గది దర్వాజ మీద కుమ్మరి పురుగు గూడు కట్టింది. అప్పటికి నాకు నెల తప్పి నాలుగు రోజులు.

ఇక మా అత్తను పట్టలేకపోయాం. నన్ను బిందె ఎత్తనివ్వలేదు, బొప్పాయిని గడప తొక్కనివ్వలేదు, వాడకట్టంతా చెప్పి వచ్చింది. ఆలు లేదు చూలు లేదు అన్న సామెత గుర్తొచ్చి లోలోపల నవ్వుకున్నాను. కానీ పురుగు బతుకంతా తెలిసిన నేను కూడా పొద్దున లేవగానే ముందు ఆ దర్వాజ మీదికే చూసేదాన్ని. సిగ్గు లేకుండా నమ్మాను.

మరో ఎనిమిది రోజులకు బట్ట తడిసింది. బాత్రూంలో నల్లా విప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. అత్తకు చెప్పలేదు. ఏడేళ్లలో ఆమె అంత హుషారుగా తిరగడం నేను చూసింది అప్పుడే. ఎట్లా చెప్పను? తడి బట్టలను చీర కింద దాచి ఆరేసుకున్నాను. ఆమె పెట్టిన పాలు తాగాను.

రెండు వారాలకు ఆ పాలు గొంతు దిగడం మానేశాయి. ఉట్నూర్‌లో ఉన్న మా అక్క దగ్గరికి పోయాను. ఎప్పుడు పోయినా జీపు దిగింది మొదలు టేకాకులను జల్లెడ చేసే పురుగులను చూసుకుంటూ నడిచేదాన్ని. ఈసారి తల ఎత్తలేదు. అక్క వసారాలో మూడు మట్టి గూళ్లున్నాయి. నాకు ఇద్దరు బిడ్డలు చాలు తల్లీ అంటూ అక్క చీపురు కట్టెతో వాటిని టకటకా రాలగొట్టింది. పగిలిన పెల్ల ఒకటి తీసి చూశాను. లోపల సాలెపురుగులు. ఒకదాని కాలు మెల్లగా ముడుచుకుంది. పెల్లను అక్కడే కింద పెట్టాను. అప్పుడే అక్కకు అంతా చెప్పేశాను. ముందు మీ అత్తకు చెప్పుకో పో, అని తిట్టింది.

ఐదు రోజులకు తిరిగొచ్చేసరికి దర్వాజ మీది గూడు బూడిదరంగులో ఉంది. ముట్టుకుంటే గట్టిగా ఉంది. సిమెంటు. పక్కింట్లో గోడ కడుతున్నారు. వాళ్లను ఇంత అడిగి తెచ్చి అత్త తన వేలితో మెత్తింది. వేలి గీతలు కూడా కనబడుతున్నాయి. వాన తేమకు నాని రాలుతుందని పెట్టానంది.

లోపలి పిల్ల మట్టినైతే కొరుకుతుంది, సిమెంటును కొరకలేదు. ఆ సంగతి తెలిసింది ఆ ఇంట్లో నాకొక్కదానికే. పగలగొడదామంటే, ఎందుకని అత్త అడుగుతుంది. అడిగితే ఆ గూటితో మనకిక పని లేదని చెప్పాలి. చెప్పలేక ఊరుకున్నాను.

నాలుగైదు రోజులకు స్టూలెక్కి చెవి పెట్టాను. లోపల గీకుతున్న చప్పుడు. సన్నగా, ఆగి ఆగి. ఆ రోజంతా వినబడింది. మర్నాడు కూడా. కూరలు కోసే కత్తి పట్టుకుని రెండుసార్లు స్టూలెక్కాను. పెరట్లోంచి అత్త చెప్పుల చప్పుడు వినబడి రెండుసార్లూ దిగాను. పిరికిదాన్ని. మూడో రోజు చప్పుడు లేదు.

అప్పుడు పగలగొట్టాను. సిమెంటు పెల్లతో పాటు నిండుగా పెరిగిన పురుగు నా అరచేతిలో పడింది. రెక్కలున్నాయి, పసుపు కాళ్లున్నాయి, మూతికి సిమెంటు పొడి అంటుకుని ఉంది. చప్పుడు విని అత్త వచ్చింది. అరవలేదు.

"నాకు కడుపు లేదత్తా. ఎప్పుడో పోయింది," అన్నాను.

"నాకెర్కనే బిడ్డా. చీర కింద నువ్వు ఆరేసిన బట్టలు గా దినమే జూసిన."

"మరి సిమెంటెందుకు పెట్టినవ్?"

"పొద్దుగాల లేవంగనే నువ్వు దాన్నే జూస్తుంటివి. ఆ గూడు గూడ రాలితే నువ్వేమైతవోనని బుగులైంది."

ఆమె కోసమని నేను, నా కోసమని ఆమె నెల రోజులుగా ఆ మట్టిని కాపాడుతూ వచ్చాం. స్టూలు మీదే కూలబడి ఏడ్చాను. అత్త నా చేతిలోని పురుగును తన చేతిలోకి తీసుకుని, కొంగుతో దాని మూతి తుడిచింది.

"సిమెంటు పెట్టకుంటే గిది బయటికొచ్చి ఎగిరిపోతుండెనా?" అని అడిగింది.

"లేదత్తా. అది మొదలే సచ్చి ఉన్నది," అన్నాను.

రెండు రోజులు చెవి పెట్టి విన్నదాన్ని నేనే.