అట్టల చర్చికి వెలుపల

వానకు తడిసిన అట్టపెట్టెల వాసన తగిలితే నాకు ఇప్పటికీ పిస్కాటవే ఊళ్లో ఉన్న ప్రసాద్ అంకుల్ ఇంటి బేస్‌మెంట్ గుర్తొస్తుంది. నిన్న రీసైక్లింగ్ కోసం పెట్టెలు మడుస్తుంటే మళ్లీ అదే వాసన.

నాకప్పుడు పదేళ్లు. శనివారాలు తెలుగు కుటుంబాలన్నీ ఆ ఇంట్లో చేరేవి. పైన ఆంటీల కబుర్లు, పులిహోర పోపు ఘుమఘుమలు, గుమ్మం దగ్గర తడిసిన స్నోబూట్ల వరస, కింద మేం ఆరుగురు పిల్లలం. ఇంగ్లండ్‌లో పాత కట్టడాల మరమ్మతు గురించి చదివొచ్చిన అంకుల్, ఆ చలికాలమంతా ఫ్రిజ్ పెట్టెల అట్టలతో మాకు మధ్యయుగపు పల్లె చర్చి ఒకటి కట్టిపెట్టారు, మేం వంగి లోపలికి దూరేంత పెద్దది. అదీ ఒక్కసారిగా కాదు, అసలు చర్చిలు పెరిగినట్టే. మొదట దళసరి గోడల చిన్న గది, పైన గుండ్రంగా ఉండే ఇరుకు కిటికీలు. ఊరు పెరిగిందంటూ ఆ గోడల్లో కమానులు కోసి రెండు పక్కలా వసారాలు కలిపారు. తర్వాతి తరం వాళ్లకు వెలుతురు కావాలంటూ మొనదేలిన పెద్ద కిటికీలు. ఉగాదినాడు, బొబ్బట్ల నెయ్యి అంటిన చేతులతోనే, గంట గోపురం. చివరగా గోడలో ఏటవాలుగా ఒక కన్నం పెట్టారు.

"కుష్ఠు ఉన్నవాళ్లని లోపలికి రానిచ్చేవాళ్లు కాదట, ఇందులోంచే ప్రార్థన చూడమనేవాళ్లట. ఊరికే అంటారర్రా, నిజమో కాదో ఎవరికీ తెలీదు" అన్నారు.

మాకు మొదటి మాట చాలింది.

స్వాతి ఆ ఏడే మా గుంపులోకి వచ్చిన పిల్ల. చేతుల మీద, పెదవి పక్కన తెల్లటి బొల్లి మచ్చలు ఉండేవి. అంకుల్ పైకి వెళ్లగానే నేనే అన్నాను: "స్వాతీ, యూ కాంట్ కమ్ ఇన్. అక్కడ నించొని హోల్‌లోంచి చూడు."

"ఇది అంటుకోదు. డాక్టర్ చెప్పారు" అంది.

"సో వాట్? రూల్ ఈజ్ రూల్."

ఆ మధ్యాహ్నమంతా నిలబడింది. మేం లోపల జంతికలు పంచుకుంటూ, ఆమె కన్ను కనబడినప్పుడల్లా నవ్వాం. ఎవరో కన్నంలోంచి ఒక జంతిక ముక్క బయటికి విసిరారు. ఆమె ఏరుకుని తింది. ఇంకా గట్టిగా నవ్వాం.

రాత్రి భోజనానికి పిలవడానికి దిగిన అంకుల్ అది చూశారు. మమ్మల్ని బయటికి రమ్మని, జేబులోంచి కట్టర్ తీసి, గోపురంతో మొదలుపెట్టి చర్చినంతా కోసేశారు. మేం ఏడ్చాం, చర్చి కోసం. మెట్లెక్కుతూ నేను స్వాతి చెవిలో "నీ వల్లే" అన్నాను. పైన సంగతి తెలిశాక మా అమ్మ, "పిల్లలాట కదండీ" అంటూ స్వాతి వాళ్లమ్మకు పెరుగు వడ్డించబోయింది. ఆవిడ పళ్లెం అలాగే వదిలేసి, కూతురికి కోటు తొడిగి తీసుకెళ్లిపోయింది. వాళ్లు మళ్లీ రాలేదు.

ఇప్పుడు అంకుల్ లేరు. ఆ ఇల్లు ఎవరో కొనుక్కుని బేస్‌మెంట్‌ని జిమ్ చేశారు. శనివారాలు ఎవరిళ్లలో వాళ్లమే ఉంటున్నాం. పోయినేడాది ఒక పెళ్లిలో స్వాతి కనబడితే పక్కకు పిలిచి, "సారీ స్వాతీ, అప్పుడు చిన్నపిల్లని, తెలీలేదు" అన్నాను.

ఆమె చాలా మర్యాదగా వింది.

"నేనూ చిన్నపిల్లనే కదా" అని, వాళ్లాయన పిలుస్తున్నాడంటూ వెళ్లిపోయింది.