మీటరుకు పెట్టిన బొట్టు

దసరాకు మా ఇంట్లో పనికొచ్చే వస్తువులన్నిటికీ పసుపు కుంకుమ పెడతాం. కత్తిపీట, కుట్టుమిషను, మా ఆయన గడ్డపోతారం ఫ్యాక్టరీకి డ్యూటీకి వెళ్లే బండి. మొన్నటి దసరాకు అత్తమ్మ గోడ మీది కొత్త కరెంటు మీటరును కూడా వదల్లేదు. తడి పసుపు అద్ది కుంకుమ పెట్టింది. అంకెల కింద గుండ్రటి కన్నొకటి ఉంది, బొట్టు సరిగ్గా దాని మీదే పడింది.

మా ఇంద్రేశంలో అందరూ దాన్ని స్మార్ట్ మీటరంటారు. అంత తెలివి ఉన్నా రీడింగుకు మనిషి రావాల్సిందే. వచ్చినతను తన మిషనును ఆ కన్నుకు ఆనిస్తే పలకలేదు. పసుపు తుడవమన్నాడు. అత్తమ్మ తుడవనివ్వలేదు. అంకెలు కనబడుతున్నాయి కదా, చూసి రాసుకోమన్నాను. చేత్తో రాస్తే మిషను తీసుకోదట. మీటరు పనిచేయట్లేదని రాసి, అందాజాగా ఒక బిల్లు చేతిలో పెట్టాడు. అంతవరకు దేవుడి దయవల్ల మాకు సర్కారు ఉచిత కరెంటు కింద జీరో బిల్లే వచ్చేది. ఇంకోసారి ఇట్లాగే అయితే అది పూర్తిగా పోవచ్చని చెప్పి వెళ్లాడు.

పటాన్‌చెరు ఆఫీసుకు పోయాను. ఒక కిటికీ దగ్గర ఇంకో కిటికీ చూపించారు. అక్కడాయన ఫోన్లో మీటరు ఫోటో చూసి, నవ్వాపుకొని, తుడిస్తే అయిపోతుంది కదమ్మా అన్నాడు. ఆ మాట వినడానికేనా ఆటోలో అంత దూరం ఇరుక్కొని వచ్చింది!

ఇంటికొచ్చి అత్తమ్మను మళ్లీ బతిమాలాను. మామయ్య పోయిన పదో దినాన ఆమెకు చేసింది ఆమె మరిచిపోలేదు.

"పెట్టిన బొట్టు తుడుసుడంటే ఏందో నాకెర్క బిడ్డా. నా ఇంట్ల ఇగ దేనికీ తుడువద్దు."

"అది మీటరు అత్తమ్మా."

"అయితేంది? ఇంటికి ఎలుగిస్తలేదా?"

ఇస్తూనే ఉంది. అందుకే ఇంకా చిరాకేసింది.

మరుసటి నెల రీడింగతను వచ్చి, బండి కూడా ఆపకుండా, "ఈసారి గూడ గట్లనే రాయాల్నా అక్కా?" అన్నాడు. అత్తమ్మ గడపలో నిలబడి నా చేతిలో గుడ్డ ఉందేమోనని చూస్తోంది. అప్పుడు తోచింది నాకు. బతుకమ్మ ఆడినాక పసుపు ముద్దతో చేసిన గౌరమ్మను ఎవరూ తుడవరు. తలా కొంత తీసుకొని పుస్తెలకు అద్దుకుంటాం. దండం పెట్టుకొని, మీటరు మీద ఎండిపోయిన పసుపును గోటితో తీసి నా పుస్తెలకు అద్దుకున్నాను.

అత్తమ్మ గడప దిగి వచ్చి మీటరును చూసింది. తర్వాత, "అంచుకున్నది గూడ తీసుకో" అంది.

మిషను పలికింది. జీరో బిల్లు. ఆ కాగితాన్ని కళ్లకద్దుకున్నాను.

అతను పోయాక అత్తమ్మ మీటరునే చూస్తూ, "బోసిగ కొడుతున్నది" అంది. నేను విననట్టు లోపలికి వెళ్లి, ముందు పసుపు గిన్నె పై అరలో పెట్టి, తర్వాత చాయ్ పెట్టాను.