వీధి గదిలో స్తుతి కూటం

మహోపకారియైన దేవునికి స్తోత్రం. ఎండకూ వానకూ మా తలల మీద కప్పు నిలిపిన ఆయన నామానికే మహిమ కలుగును గాక. ఇందులో మంచి ఏమైనా కనిపిస్తే అది ఆయనది. సిగ్గు మాత్రం మా ఇంటిది.

మొన్న మేడ మీది వాటా ఖాళీ అయితే, కొత్తవాళ్ళు దిగేలోపు మా మనవడు అక్కడ ప్రార్థన పెట్టించాడు. "నానమ్మా, నువ్వొచ్చి రెండు మాటలు ప్రార్థన చెయ్యాలి" అన్నాడు. మోకాళ్ళ నొప్పులని తప్పించుకున్నాను. నా మోకాళ్ళకేం కాలేదు. ఒకరు ఖాళీ చేసిన గదిలో కళ్ళు మూసుకుని దేవుణ్ణి స్తుతించాలంటే నాకు భయం. మాచర్లలో, మా అత్తగారింట్లో, కొత్త కోడలిగా ఉన్న నాటినుంచీ ఉన్న భయం అది.

ఆ ఇంటికి వీధివైపు ఒక గది ఉండేది. నైజాంలో రజాకార్ల గొడవలు ముదిరిన రోజుల్లో కృష్ణ దాటి వచ్చిన ఒక దర్జీ అందులో అద్దెకు దిగాడు. చర్చిలో చివరి చాప మీద కూర్చునేవాడు. మామగారి చొక్కాలూ మా రవికలూ ఆయనే కుట్టేవాడు. తెల్లవారితే కుట్టుమిషను చప్పుడుతోనే మాకు మెలకువ వచ్చేది. ఒకనాడు ఆ చప్పుడు వినిపించలేదు. చూస్తే తలుపుకు తాళం. ఎవరికీ ఒక్క మాట చెప్పి వెళ్ళలేదు. మిరప కోతలు ముగిసి ఎండలు ముదిరినా రాలేదు. పక్కింటి పిన్ని మాత్రం సంగతంతా తనకు తెలిసినట్టే, "ఇంకేం వస్తాడే అమ్మాయ్! అక్కడెవత్తినో కట్టుకునుంటాడు. మిషను కూడా వదిలేసి పోయాడంటే చానా పెద్ద సంబంధమే తగిలుంటది" అని నవ్వేది.

అంతలో మా ఆడబిడ్డ భర్తకు మాచర్ల బడికి బదిలీ అయింది. కాపురానికి గది కావాలి. మామగారు సంఘపెద్ద. పరుల తాళం పగలగొట్టడం దొంగపని అని ఆయన పట్టుదల. ఉపవాసముండి ప్రార్థించి ఒక ఉపాయం కనిపెట్టారు. వీధి తలుపుకున్న తాళం అతనిది. మా నడవకూ ఆ గదికీ మధ్య నాపరాళ్ళు పేర్చి కట్టిన గోడ మాది. "మన గోడ మనం తీసుకుంటే ఏ ఆజ్ఞ మీరినట్టు?" అన్నారు. "గోడలకు చెవులుంటాయనే విన్నా. మీరు దానికి నోరు కూడా తెరిపిస్తున్నారే" అని అత్తగారు గొణిగింది కానీ, తాపీమేస్త్రీకి మజ్జిగ ఇచ్చిందీ ఆవిడే.

రాళ్ళు తీసిన సందులోంచి వంగి లోపలికి వెళ్ళాం. మిషను మీద ఉతికిన పంచె కప్పి ఉంది. గోడవారగా కొత్త నులకమంచం, దాని మీద మడతపెట్టిన మెత్తటి బొంత. ఒంటరి మగవాడు తన కోసం అలాంటివి కొనుక్కోడు. ఆ సామాను చూస్తే మనిషి తిరిగి వస్తాడని, వెంట ఎవరినో ముసలివాళ్ళను తెస్తాడని ఎవరికైనా తెలుస్తుంది. మాకూ తెలిసింది. అయినా మిషనూ మంచమూ గొడ్ల చావిట్లోకి చేరాయి. నేను గది అలికి ముగ్గు పెట్టాను.

ఆదివారం మధ్యాహ్నం ఆ గదిలోనే స్తుతి కూటం. మామగారి ప్రార్థన సంగతి సంఘమంతటికీ తెలుసు, ఆయన ఆమేన్ అనేసరికి వండిన అన్నం చల్లారిపోయేది. ఆ రోజు మరీ ఉత్సాహంగా, తమ స్థలాన్ని తమకు తిరిగి ఇచ్చిన దేవుణ్ణి కొనియాడుతున్నారు. అందరం మోకాళ్ళ మీద ఉన్నాం. వీధి తలుపు తాళంలో చెవి తిరిగిన చప్పుడైంది.

తలుపు తెరుచుకుంది. గుమ్మంలో దర్జీ. చెంపలు పీక్కుపోయాయి. ఆయన భుజం పట్టుకుని చూపు ఆనని ముసలి తల్లి. మోకరించిన మమ్మల్నందరినీ చూసి ఆయన కళ్ళు నిండాయి.

"పెద్దయ్యా, నా కోసమేనా ఇంతమంది? చెప్తే నడిమిట్ల రజాకార్లు పట్టుకుంటరని ఎవలికీ చెప్పకుంట పోయిన. అమ్మను తెచ్చుకున్న."

ఆ తల్లి తడుముకుంటూ వచ్చి అత్తగారి చేతులు పట్టుకుంది. "మీ ప్రార్థనలే మమ్ముల ఏరు దాటించినయి బిడ్డా" అని, అక్కడే మోకరించి, మామగారు సగంలో ఆపిన ప్రార్థనకు తానే గట్టిగా "ఆమేన్" అంది.

అప్పుడు దర్జీ తలెత్తాడు. గోడలోని సందు చూశాడు. మా ఆడబిడ్డ పెట్టెలూ, వాటి మీద రాసిన ఆమె భర్త పేరూ చూశాడు. మిషను ఉండాల్సిన చోటు చూశాడు. తల్లి దగ్గర వంగి, "లే అమ్మా. పెద్దయ్య అల్లుడొస్తుండట. మనకు మంచిగ గాలొచ్చే జాగ నేను ముందే చూసిన" అన్నాడు.

"అది కాదు నాయనా..." అని మామగారు లేచారు. దర్జీ తాళంచెవి కిటికీలో పెట్టి, చావిట్లో కనిపించిన మిషను నెత్తికెత్తుకుని, తల్లిని నడిపించుకుంటూ ఎండలోకి వెళ్ళిపోయాడు. అత్తగారు వెనకే పరుగెత్తి, అన్నం మూట ఆ ముసలామె చేతిలో పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తిరిగొచ్చింది. మంచం చావిట్లోనే ఉండిపోయింది. సాయంత్రానికి మా ఆడబిడ్డ ఆ గదిలో పొయ్యి వెలిగించింది.

వాళ్ళు ఏ ఊరు చేరారో తెలియలేదు. బతికినన్నాళ్ళూ ఆ తల్లి మమ్మల్ని తలుచుకుని దేవుణ్ణి స్తుతించే ఉంటుంది. అదే నాకు మోయలేని బరువు. ఏళ్ళు గడిస్తే సిగ్గు పాతబడుతుందంటారు. నాది నాతోపాటే ముసలిదైంది, చూపు మాత్రం తగ్గలేదు. చదివేవారు ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. మేము చేయని ప్రార్థనకు ఆమె పలికిన ఆమేన్‌ను దేవుడు ఆ రోజే ఆలకించి, సాయంకాలానికల్లా వాళ్ళకొక తలుపు తెరిచి ఉండాలని.