గేటత్త పుస్తకంలో మూడో గడి

గేటత్త చదివింది ఊరిబడిలో ఐదో తరగతి. అయితేనేం, ఇరవై ఆరు వానాకాలాలు జలాశయం గేటు చక్రం ఆమె చేతిలోనే తిరిగింది. వానలు ముగిసే రోజున కొలబద్ద మీద నీళ్లు నలభై ఆరు అడుగుల గీతను తాకాలి. తగ్గితే వేసవిలో పట్నం గొంతెండుతుంది. నలభై ఏడు దాటితే పాత కట్ట చెమర్చడం మొదలెడుతుంది. ఇరవై ఆరేళ్లలో ఆ గీత నాలుగు వేళ్లకు మించి తప్పింది లేదు. ఫోను తీగలు తెగిపోయిన ఏడాది పైవాళ్ల మాట అందకుండానే తొమ్మిది రోజులు ఒంటిచేత్తో నెట్టుకొచ్చింది. చక్రం తుప్పుపట్టి మొరాయిస్తే, ముగ్గురు మెకానిక్కులు చేతులెత్తేశాక, కిరసనాయిలుతో, పాత చీరముక్కతో దారికి తెచ్చింది. ఏడుగురు ఇంజనీర్లకు పని నేర్పింది. వాళ్లలో ఇద్దరు ఆ సంగతి ఒప్పుకున్నారు కూడా.

ఎనిమిదో ఇంజనీరు ఇస్త్రీ మడత నలగని మనిషి. వస్తూ వస్తూ వెంట ఒక లెక్కల పిల్లను తీసుకొచ్చాడు. చూస్తే ఎవరు? గేటత్త సొంత మేనకోడలే! విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తోంది.

"అత్తా, నేను చేసేవాటిని ముందు వెనుకల యాదృచ్ఛిక అవకలన సమీకరణాలు అంటారు."

"ఊపిరి తీసుకోవే తల్లీ. నువ్వా పేరు చెప్పేలోపు నీళ్లు కట్ట దాటేలా ఉన్నాయి."

మేనకోడలు నవ్వుతూనే గోడకు ఆనుకుని చెప్పింది. "నీళ్లు ఇవాళ్టి నుంచి రేపటికి ముందుకు నడుస్తాయి, మధ్యలో వాన దానిష్టం. అదొక లెక్క. చివరి రోజు నలభై ఆరు ఉండాలి కదా, అక్కణ్నుంచి వెనక్కి నడుస్తూ ఇవాళ గేటు ఎంత తెరవాలో తేల్చాలి. ఇది రెండోది. గేటు తిప్పితే నీళ్లు మారతాయి, నీళ్లు మారితే గేటు లెక్క మారుతుంది. రెండూ ఒకదాని కొంగు ఒకటి పట్టుకుని తిరుగుతాయి. షేర్ల ధరలకీ, కరెంటు కంపెనీలకీ కూడా ఇదే లెక్క వాడతారు."

"ఇంతోటిదానికి అంత పేరెందుకే? నేను రోజూ చేసేది అదేగా."

ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. "అనుభవం వేరు, శాస్త్రం వేరమ్మా. ఈ ఏడాది కంప్యూటరు కాగితం మీద ఎన్ని తిప్పులుంటే అన్నే తిప్పండి. చివరి రోజు గీత తాకిందా, వచ్చే ఏడు చక్రానికి మోటారు పెట్టేస్తాం. మీరు హాయిగా ఆఫీసులో ఫైళ్లు సర్దుకోవచ్చు."

రిటైరు కావడానికి ఇంకా మూడేళ్లుంది. ఆ హాయి గేటత్త అడగనిది. తిప్పుల లెక్క రాసుకునే తన పుస్తకాన్ని ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసింది.

మొదటి నెల కాగితం భేషుగ్గా నడిచింది. తరవాత చినుకు ఆగితే ఒట్టు. నలభయ్యో రోజుకే నీళ్లు నలభై అయిదు అడుగులకు చేరాయి. వానాకాలం ఇంకా యాభై రోజులుంది. కాగితం మాత్రం తాపీగా "నాలుగు తిప్పులు" అంటోంది.

గేటత్త నాలుగే తిప్పింది. ఊరికే చూస్తూ కూర్చుంటే చాలు, శాస్త్రం బోర్లాపడుతుంది, చక్రం తనకు మిగులుతుంది. ఆ ఆలోచన వచ్చినంతసేపూ తియ్యగానే ఉంది. కానీ ఇరవై ఆరేళ్లలో తప్పని గీత తన కళ్లముందే తప్పుతుందా? ఇక పట్నంవాళ్లకు ఏ మొహం పెట్టుకుని చెబుతుంది?

మర్నాడు పొద్దున్నే మేనకోడలు మొహం వేలాడేసుకుని గేటు గదికి వచ్చింది. "అత్తా, పోయినేటి వానతో చూస్తే అచ్చుగుద్దినట్టు సరిపోయిందే!"

"పోయినేడు వాన ఎప్పుడాగింది?"

"అరవయ్యో రోజున."

"అది నీ కంప్యూటరుకి ముందే తెలుసా?"

"వానలన్నీ రాసిచ్చాం కదా. చివర్నుంచి వెనక్కి..." పిల్ల నాలుక కరుచుకుంది. "అయ్యో! వెనక్కి నడిచేటప్పుడు రేపటి వానను చూసేసింది. ఈ ఏడూ వాన అప్పుడే ఆగుతుందనుకుని నాలుగే అంటోంది. అలా చూడకూడదని నేనే ఏటేటా పిల్లలకు బోర్డు మీద రాసి మరీ చెబుతాను!"

"రేపటి వాన నీకు కబురు చేసి వస్తుందటే పిచ్చిదానా!"

గేటత్త ట్రంకుపెట్టె తాళం తీసింది. పుస్తకంలో రోజుకొక పేజీ, పేజీకి మూడు గడులు. మొదటి గడిలో ఆ రోజు నీళ్లు, సిరాతో. రెండో గడిలో తిప్పులు, పెన్సిలుతో. వాటిని వానాకాలం మొదలవకముందే చివరి పేజీలో నలభై ఆరు వేసుకుని, ఒక్కో పేజీ వెనక్కి తిప్పుతూ రాస్తుంది. సిరాతో రాసిన నీళ్లు అనుకున్నదానికి తేడా వచ్చినప్పుడల్లా రబ్బరు పట్టుకుని మళ్లీ చివరి పేజీ నుంచి వస్తుంది.

"మరి ఈ మూడో గడేంటత్తా?"

"అనుకున్నదానికంటే నీళ్లు ఒక వేలు ఎక్కువొస్తే ఎన్ని తిప్పులు కలపాలో, తగ్గితే ఎన్ని తియ్యాలో. వానెంత పడుతుందో నాకేం తెలుసు? పడితే నేనేం చెయ్యాలో మాత్రం ముందే తెలిసుండాలి."

మేనకోడలు పుస్తకం ఒళ్లో పెట్టుకుని నేల మీదే చతికిలబడింది. "వెనక్కి నడిచే లెక్కలో తేల్చాల్సినవి రెండుంటాయత్తా. రెండోది ఇదే. తొందరలో నేను వదిలేసింది ఇదే."

"తీసుకో. ఇరవై ఆరేళ్ల పుస్తకాలూ తీసుకో. పేజీలు మాత్రం మడత పెట్టకు."

తన చక్రాన్ని తానే మోటారుకు అప్పజెబుతున్నానని గేటత్తకు తెలుసు. పిల్ల అటు వెళ్లగానే చక్రానికి మరోసారి నూనె రాసింది. ఏం తోచక.

నాలుగో రోజున కొత్త కాగితం వచ్చింది, మూడు గడులతో. "పదకొండు తిప్పులు" అంది. గేటత్త పెన్సిలు కూడా పదకొండే అంది. చివరి వారంలో కుండపోత కురిసినా కాగితం తడబడలేదు. తొంభయ్యో రోజున నీళ్లు గీతకు ఒక్క వేలు కింద నిలబడ్డాయి.

ఇంజనీరు చెయ్యి చాచాడు, మేనకోడలి వైపు. "శాస్త్రం గెలిచింది!"

"మూడో గడి అత్తది సార్. ఆ అంకెలు ఈ గేటు దగ్గర, ఈ కట్ట మీద ఇరవై ఆరేళ్లు నిలబడి రాసినవి. ఏటేటా వాటిని సరిచూసే మనిషి లేకపోతే నా కాగితం మళ్లీ నాలుగు తిప్పులే అంటుంది. నా సిద్ధాంత గ్రంథంలోనూ ఈ మాటే రాస్తున్నాను."

ఇంజనీరు కొలబద్ద కేసి చూశాడు, పుస్తకం కేసి చూశాడు. చివరికి గేటత్త కేసి చూశాడు.

"మోటారు మాత్రం పెట్టక తప్పదమ్మా, మంజూరైపోయింది. దాని తాళంచెవి మీ దగ్గరుంటుంది. తిప్పులు మీరే చెప్పాలి."

"దానికేం బాబూ, ఇన్నాళ్లూ నా భుజాలు తిరిగాయి. ఇకనుంచి అది తిరుగుతుంది, నేను చెబుతాను," అని గేటత్త తాళంచెవి బొడ్లో దోపుకుంది. "మరి ఆ ఒక్క వేలు ఎందుకు తగ్గిందో మీ శాస్త్రాన్ని అడిగి చెప్పండి. నా పెన్సిలైతే అరవేలే అంది."

గేటత్త తనకూ పని నేర్పిందని ఎనిమిదో ఇంజనీరు అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. దాంతో ఒప్పుకున్నవాళ్లు ముగ్గురయ్యారు.